గంజాయి మానుతున్న పిల్లాడి చదువు: తమ్ముడికి ఉత్తరం

తమ్ముడూ,

నీకూ మరదలికీ ఆశీస్సులు. చికిత్స అయిపోయింది కదా, బాబును మళ్లీ ఆ కాలేజీ హాస్టల్లోనే వేస్తే ఏడాది కలిసొస్తుందని నీ ఆలోచన. వద్దురా. గంజాయి అలవాటైన గది అక్కడే ఉంది, అది అందించిన స్నేహితులూ అక్కడే ఉన్నారు, తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లూ ఉన్నాయి. అమెరికాలో ఇలాంటి పిల్లల కోసమే రికవరీ హైస్కూళ్లని చిన్న బడులున్నాయి, తరగతిలో అందరూ మానుతున్నవాళ్లే. మన ఊళ్లో ఆ వసతి లేదు. ఓపెన్ ఇంటర్‌లో చేర్చి, మిగతా బడిని మనమే ఇంట్లో కట్టుకోవాలి.

కేంద్రం నడిపే ఓపెన్ స్కూల్ ఎన్‌ఐఓఎస్‌లో ఇంటర్ స్థాయికి టెన్త్ పాసై, 15 ఏళ్లు నిండి ఉంటే చాలు. ఐదు సబ్జెక్టులు, అందులో కనీసం ఒక భాష. ఒకసారి చేరితే 5 ఏళ్లలో 9 సార్లు పరీక్షకు కూర్చోవచ్చు. ఏడాదికి రెండు విడతలు: ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయనక్కర్లేదు. అందుకే మొదటి విడతలో రెండే కట్టించు, ఒక భాషా, వాడికి ఇష్టమైన ఇంకొకటీ. ఐదూ ఒకేసారి కట్టించి, మూడు పోయాక మళ్లీ స్నేహితుల దగ్గరికి పోయిన పిల్లలు తక్కువేం కాదు. ప్రాక్టికల్స్ ఉన్న సైన్స్ సబ్జెక్టులు తర్వాతి విడతకు ఉంచు. ఇంజనీరింగ్ దారి మూసుకుపోతుందని మరదలు భయపడనక్కర్లేదు, ఎన్‌ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులతో పాసైనవాళ్లు జేఈఈ మెయిన్ రాయొచ్చు. కాలేజీలో టీసీ తీసుకునేటప్పుడు ప్రవర్తన గడిలో ఏం రాశారో అక్కడే చూసుకో. తర్వాత మార్పించడం కష్టం.

ఓపెన్ చదువులో అసలు ప్రమాదం పాఠాలు కాదు, ఖాళీ పగలు. స్టడీ సెంటర్ క్లాసులు వారంలో కొద్ది గంటలే. మిగతా రోజంతా ఇంట్లో ఫోనుతో పడుకుంటే నెల తిరక్కుండా పాత నంబర్ మోగుతుంది. కాబట్టి వారం రోజులూ ఒకే వేళకు లేవాలి, ఆదివారమైనా అంతే. పొద్దున గంట సేపు గ్రౌండ్. తర్వాత చదువు: మొదటి వారం రోజుకు 25 నిమిషాలవి మూడు విడతలు, మధ్య పది నిమిషాలు విరామం. వారానికొక విడత పెంచుకుంటూ ఎనిమిది దగ్గర ఆగు. మధ్యాహ్నం ఇల్లు కదలాలి. లైబ్రరీయో, టైపింగో, కంప్యూటర్ కోర్సో ఏదైనా సరే, హాజరు వేసే చోటు కావాలి. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు పెద్దవాళ్లు ఒకరు ఇంట్లో ఉండి తీరాలి. నువ్వు షాపు నుంచి రాలేకపోతే ఆ గంటల ట్యూషన్ పెట్టు.

చదువు తలకెక్కడం లేదని మొదట్లో తిట్టకు. గంజాయి మానిన ఒకటి రెండు రోజుల నుంచే చిరాకు, నిద్రలేమి, ఆకలి తగ్గడం మొదలై మొదటి వారంలో బాగా ముదురుతాయి. నిద్ర, పీడకలలు నెలదాకా ఇబ్బంది పెట్టొచ్చు. జ్ఞాపకం, ఏకాగ్రత వారాల మీద నెమ్మదిగా తిరిగొస్తాయి. రోజూ పీల్చినవాళ్లకు మూత్ర పరీక్షలో నెల వరకూ పాజిటివ్ చూపొచ్చు. ఆ పట్టీ చూసి, మళ్లీ తాగావా అని అడిగితే, మానిన పిల్లాడు ఎందుకు మానానా అనుకుంటాడు. పరీక్ష ఎప్పుడు చేయాలో, ఫలితం ఎలా చదవాలో డాక్టరుకే వదిలెయ్. అలవాటు మత్తు మాత్రలదో ఇంజెక్షన్లదో అయితే ఇంకో సంగతి: మానేశాక ఒంటికి తట్టుకునే శక్తి తగ్గుతుంది, పాత మోతాదు తీసుకుంటే ప్రాణమే పోవచ్చు. ఇది వాడికి ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన మాట.

డబ్బు చేతికివ్వకు, బస్సు పాసు కొనివ్వు. ఫోన్‌లో యూపీఐ తీసెయ్, సిమ్ మార్చు. దొంగచాటుగా కాదు, ఎందుకో చెప్పి వాడి ముందే మార్చు. నీ మందు సీసా కూడా ఇంట్లోంచి పోవాలి, ఇందులో బేరం లేదు.

మళ్లీ ఒకసారి తాగాడనుకో. ఆ రాత్రి ఏమీ అడగకు. పొద్దున ఎవరు, ఎంత డబ్బు, ఏ వేళ అన్న మూడే ప్రశ్నలు. రెండు రోజుల్లో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లు. ఏం చేయాలో తోచకపోతే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి గానీ ఫోన్ చెయ్. చదువు గంటలు మాత్రం రద్దు చేయకు, శిక్షగా రద్దు చేస్తే ఖాళీ మిగిలేది మనకే. మళ్లీ చికిత్సకు చేర్చాల్సి వస్తే ఆ సెంటర్ వాళ్లను అడుగు: పిల్లల్ని పెద్దవాళ్లతో కలిపి ఉంచుతారా, తల్లో తండ్రో వెంట ఉండొచ్చా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనర్లను విడిగా ఉంచాలి, వాళ్ల తరఫు మనిషి మొత్తం కాలం తోడుండాలి, గొలుసులు వేయడం నిషిద్ధం. ఈ మాటకు విసుక్కునే చోటు నుంచి వెంటనే బయటికి వచ్చెయ్.

బంధువులకు ఏం చెప్పాలో ముందే వాడితో కలిసి ఒక్క వాక్యం అనుకోండి: ‘ఒంట్లో బాగోలేక ఓపెన్లో కట్టాడు.’ అందరూ అదే చెప్పండి.

ఇంకొకటి, ఎక్కువమంది మరిచేది. చివరి పరీక్ష రాసి బయటికి వచ్చే సాయంత్రం చాలా గడ్డు. బరువు దిగిపోతుంది, గేటు దగ్గర పార్టీ అంటారు. ఆ రోజు సెంటర్ బయట నువ్వే నిలబడి ఉండు, రాత్రి బస్సుకు అమ్మమ్మ ఊరికి టికెట్ ముందే తీసి పెట్టు.

నీ
అన్నయ్య