ఇచ్చే చేతికి ఇంగితం
పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం దానధర్మాల గురించే ఉండటంతో, మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి వీటికే చోటిచ్చాము. ఎంత ఇవ్వాలని అడిగినవారు తక్కువ. ఎలా ఇస్తే పుచ్చుకునేవారి ముఖం చిన్నబోకుండా ఉంటుందని అడిగినవారే ఎక్కువ.

ప్రశ్న: మా ఇంట్లో చాలాకాలంగా పని చేస్తున్న ఆవిడ, కూతురిని ఇంటర్లో చేర్చడానికి ఎనిమిది వేల రూపాయలు కావాలని అడిగింది. మావారిది చిన్న ప్రైవేటు ఉద్యోగం. ఇవ్వాలని నాకు ఉంది. మా అత్తయ్యగారేమో "తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం" అంటున్నారు. అప్పుగా ఇవ్వాలా, ఊరికే ఇవ్వాలా? మా వంటి మధ్యతరగతి వాళ్లు నెలనెలా కొంత ధర్మం చేయడానికి పద్ధతేమైనా ఉందా?
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

సమాధానం: అమ్మా, మీ అత్తగారి మాటను తీసివేయకండి. ఇంటి అద్దె, పెద్దవాళ్ల మందులు, పిల్లల ఫీజు పక్కన పెట్టి ఇచ్చిన డబ్బు నాలుగు రోజులు గడిచేసరికి ఇంట్లో సణుగుడుగా మారుతుంది, ఆ సణుగుడు చివరికి ఆ పని చేసే ఆవిడ చెవిలోనే పడుతుంది. అందుచేత, తిరిగి రాకపోయినా మీ ఇల్లు ఇబ్బంది పడని మొత్తం ఎంతో మీరూ మీవారూ కూర్చుని ముందుగా తేల్చుకోండి. అది మూడు వేలే అయితే మూడు వేలు ఊరికే ఇచ్చి, మిగిలిన ఐదు వేలను అప్పుగా ఇవ్వండి. ఏది ఊరికే ఇస్తున్నారో, ఏది అప్పో డబ్బు చేతిలో పెట్టేటప్పుడే చెప్పండి. అప్పును నెలకు ఐదు వందల చొప్పున జీతంలో పట్టుకుంటామని చిన్న నోటుపుస్తకంలో రాసి, అటువంటిదే ఒకటి ఆవిడ దగ్గరా ఉంచండి. పండగ నెలలో మాత్రం కోత పెట్టకండి. ఊరికే ఇచ్చిన దాన్ని అంతటితో మరిచిపోవాలి. ఆవిడ ఒకరోజు పనికి రాకపోతే "మొన్ననేగా అంత ఇచ్చాము" అనే మాట నోట వచ్చిందంటే, మీరిచ్చింది ధర్మం కాదు, ఆవిడ నోరు మెదపకుండా ఉండటానికి ఇచ్చిన బయానా.

డబ్బు చేతికివ్వకుండా నేరుగా కాలేజీకే కట్టేస్తే మంచిదని కొందరు సలహా ఇస్తారు. ఆవిడే కోరితే తప్ప ఆ పని చేయకండి, ఎందుకంటే ఇన్నాళ్లుగా తాళంచెవి అప్పగించి ఊరికి వెళ్లగలిగినంత నమ్మకమున్న మనిషిని ఫీజు దగ్గర అనుమానించినట్లవుతుంది.

నిజానికి ఇంటి పని చేసేవారి విషయంలో దానం కంటే ముందు చూడవలసినది జీతం. ఒకటో తేదీన ఠంచనుగా ఇవ్వడం, నెలకు రెండు మూడు సెలవులకు కోత పెట్టకపోవడం, మనం తీర్థయాత్రకు వెళ్లిన పది రోజులకూ లెక్క కట్టి ఇవ్వడం ధర్మం కింద రావు, అవి ఇవ్వవలసినవే. ఆ తరువాత తిండి సంగతి. రాత్రి మిగిలిన పులుసును ప్లాస్టిక్ డబ్బాలో పోసి గుమ్మం పక్కన పెట్టడం ఒక రకం, పొద్దున చేసిన ఉప్మాను వేడిగా ఉండగానే ఇంట్లోవాళ్లు తినే పళ్లెంలోనే పెట్టి, కుర్చీ చూపించి, "తిన్నాక తోముదువులే" అనడం మరొక రకం. రెండింటికీ ఖర్చులో తేడా లేదు. వంటింటి కిటికీలో ఆవిడ కోసమంటూ విడిగా ఉంచిన టీ గ్లాసు మన ఊళ్లో ఇంకా చాలా ఇళ్లలో కనిపిస్తూనే ఉంది. దాన్ని తీసేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మరొక చిన్న పని కూడా ఉంది. బ్యాంకు ఖాతా ఉండి, 18 నుంచి 70 ఏళ్ల మధ్య వయసున్నవారు ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో చేరవచ్చు. ఏడాదికి 20 రూపాయలు కడితే, ప్రమాదంలో మరణించినప్పుడు కుటుంబానికి 2 లక్షల రూపాయలు వస్తాయి. ఆవిడను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లి, నామినీ పేరు సరిగా రాయించడానికి మీకు పట్టేది ఒక పూట.

నెలనెలా ధర్మం గురించి అడిగారు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసే అలవాటు మన ఇళ్లలో ఉండేది, ఇప్పటికీ కొందరు పాటిస్తున్నారు. జీతం పడిన రోజునే మూడు వందలైనా సరే విడిగా తీసి పెట్టడం దానికి ఈనాటి రూపం. అప్పుడు ఎవరైనా వచ్చి అడిగితే ఇంటి ఖర్చుల డబ్బు వైపు చూసి మథనపడే అవసరం ఉండదు. డబ్బాలో ఉంటే ఇస్తారు, లేకపోతే లేదని నెమ్మదిగా చెబుతారు.

ప్రశ్న: గత నెల మా మనవరాలి పెళ్లిలో చాలా భోజనం మిగిలిపోయింది. రాత్రి పదకొండు గంటలకు ఒక అనాథాశ్రమానికి పంపితే గేటు దగ్గరే వద్దన్నారు. అన్నాన్ని కాదనడం సబబేనా? ఇకముందు ఎలా చేయాలి?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: మాస్టారూ, వారు చేసింది సబబే. ఆ వేళకు పిల్లలు ఎప్పుడో తిని పడుకుని ఉంటారు, పైగా మధ్యాహ్నం వండిన అన్నం రాత్రిదాకా గదిలో అలాగే ఉండటం ప్రమాదకరం. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. వండిన అన్నం గంటల తరబడి చల్లారి ఉన్నప్పుడు అవి పెరిగి విషపదార్థాన్ని తయారు చేస్తాయి, ఆ అన్నాన్ని మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. ఒక పిల్లవాడికి వాంతులు పట్టుకున్నా బాధ్యత ఆశ్రమం వారి మీదే పడుతుంది.

ఇకముందు వేడుక పెట్టుకుంటే వారం ముందుగానే ఆశ్రమానికి వెళ్లి, ఎంతమంది ఉన్నారో, ఏ వేళకు తింటారో, ఏమి తినరో కనుక్కోండి. ముప్పై మంది ఉంటే ముప్పై మందికి సరిపడా భోజనాన్ని వడ్డన మొదలుకాకముందే పాత్రల్లోకి తీయించి పంపండి. అతిథులు తిన్న తరువాత మిగిలితే పంపడం వేరు, అతిథులతోపాటు వారికీ వండించడం వేరు. కేటరింగ్ వారికి ఈ లెక్క ముందే చెబితే వారు విసుక్కోరు. ఇదంతా కుదరకపోతే ఒకపూట భోజనానికయ్యే ఖర్చు ఆశ్రమానికి ఇవ్వవచ్చు, లేదా పూటకు 5 రూపాయలకే భోజనం పెడుతున్న అన్న క్యాంటీన్లకు విరాళంగా పంపవచ్చు.

ఫొటోల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఆశ్రమంలో కేకు కోయించి, పిల్లలను వరుసగా నిలబెట్టి తీసిన ఫొటోలను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం ఈమధ్య ఆనవాయితీ అయిపోయింది. సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపును మాధ్యమాల్లో బయటపెట్టడాన్ని 2015 నాటి బాలల న్యాయ చట్టం నిషేధిస్తోంది. చట్టాన్ని అలా ఉంచినా, పదేళ్ల తరువాత ఆ పిల్ల ఉద్యోగానికి వెళ్లిన చోట ఆ ఫొటో బయటపడితే ఎలా ఉంటుందో, ముప్పై ఏళ్లు పిల్లల మధ్య గడిపిన మీకు మేము చెప్పనక్కర్లేదు.

డబ్బు, భోజనం కాక మీరు ఇవ్వగలిగినది మరొకటి ఉంది. గుంటూరు పెద్దాసుపత్రికి పల్నాడు, ప్రకాశం వైపు నుంచి రోగులతో వచ్చేవారిలో చాలామందికి ఏ బ్లాకులో ఏ పరీక్ష చేస్తారో, ఓపీ చీటీ మీద డాక్టరు ఏమి రాశారో తెలియదు. అక్కడ అన్నం పెట్టే దాతలు ఉన్నారు, చీటీ చదివిపెట్టే మనుషులే తక్కువ. వారానికి రెండు పూటలు అక్కడ కూర్చుని ఆ పని చేయవచ్చు, అయితే ముందుగా ఆసుపత్రి అధికారులను కలిసి అనుమతి తీసుకోండి. మీ వీధిలోనే ఉంటూ పింఛను అందని వితంతువుకు వార్డు సచివాలయంలో దరఖాస్తు నింపించడం, నడవలేనివారిని, వైకల్యాన్ని నిర్ధారించే సదరం శిబిరానికి ఆటోలో తీసుకువెళ్లి సర్టిఫికెట్ చేతికి వచ్చేదాకా వెంట ఉండటం కూడా ఇటువంటివే. నెలకు 4,000 రూపాయల వితంతు పింఛను ఒకసారి మంజూరయితే అది ఏటా 48,000 అవుతుంది. మనలో ఎంతమందిమి ఒకే మనిషికి ఏటా అంత ఇవ్వగలం?

ప్రశ్న: మిర్చి యార్డు దారిలో మా మిత్రబృందం చలివేంద్రం పెట్టాలనుకుంటోంది. జాగ్రత్తలు చెప్పండి.
– ఒక వ్యాపారి, గుంటూరు

సమాధానం: చోటు చక్కగా ఎంచుకున్నారు. మిర్చి సీజనూ ఎండలూ కలిసి వచ్చే ఆ రోజుల్లో బస్తాలు మోసే హమాలీలకు, తొడిమలు తీసే ఆడవాళ్లకు, ఘాటుకు గొంతు మండి దగ్గుతూ నీళ్ల కోసం వెతుక్కోవడం రోజూ ఉండేదే. అయితే ఉగాదికి రిబ్బను కత్తిరించి, కుండల కంటే పెద్ద ఫ్లెక్సీ కట్టి, పదిహేను రోజులు తిరక్కుండానే ఎండిపోయే చలివేంద్రాలను మనం చాలా చూశాము. వానలు పడేదాకా రోజూ నీళ్లు పోసే మనిషికి జీతం ఎవరిస్తారో ముందు తేల్చుకుని, ఆ తరువాతే పందిరి వేయండి. ఫ్లెక్సీ డబ్బు ఆ జీతంలో కలిపితే మరీ మంచిది.

కుండలను రోజూ ఖాళీ చేసి కడగాలి. నీళ్లలో ఎవరూ చెయ్యి ముంచకుండా పొడవాటి కాడ ఉన్న గరిటె గానీ, కుళాయి బిగించిన కుండ గానీ పెట్టాలి. మజ్జిగ ఇచ్చేరోజున తెల్లవారుజామున చిలికి, ఉప్పు వేసి, మధ్యాహ్నం లోపలే అయిపోయేలా చూడండి. చల్లదనం కోసం చేపల నిల్వకు వాడే ఐసు గడ్డలను మాత్రం అందులో వేయకండి. పదిమందికి చల్లగా ఉండాలని చేసిన పని పదిమందికీ విరేచనాలు తెచ్చిపెడుతుంది. వీలైతే రెండు బల్లలు వేయించండి. నీళ్లు తాగిన మనిషి ఐదు నిమిషాలు నీడలో కూర్చోవాలి కదా.

ప్రశ్న: బెంజిసర్కిల్ సిగ్నల్ దగ్గర చిన్నపిల్లలు కారు అద్దం తడుతూ అడుక్కుంటారు. ఇవ్వకపోతే మనసు ఒప్పదు, ఇస్తే తప్పేమోననిపిస్తుంది.
– ప్రైవేటు ఉద్యోగి, భవానీపురం, విజయవాడ

సమాధానం: పిల్లల చేతికి డబ్బు ఇవ్వకండి. రోజుకు ఇంత అని రాబడి ఉన్నంతకాలం ఆ పిల్లను బడికి పంపడం కంటే సిగ్నల్ దగ్గర నిలబెట్టడమే పెద్దలకు లాభం. పిల్లల సహాయ సంఖ్య 1098కి ఫోన్ చేసి చోటూ వేళా చెప్పండి. ఒకసారితో ఫలితం కనిపించకపోతే మళ్లీ చేయండి. వృద్ధుల విషయం వేరు, వారికి ఇవ్వాలనిపిస్తే ఇవ్వండి, దిక్కులేని స్థితిలో కనిపిస్తే 14567 అనే వయోవృద్ధుల సహాయ సంఖ్యకు తెలియజేయండి. ఇచ్చినా ఇవ్వకపోయినా అద్దం దించి, ముఖం చూసి ఒక మాట చెప్పండి. చేత్తో ఈగను తోలినట్లు తోలడం వద్దు.

ప్రశ్న: వరదల సమయంలో మేము పంపిన పాత బట్టలను ఎవరూ తీసుకోలేదని విన్నాము. మరి ఏమి పంపాలి?
– ఒక పాఠకురాలు, లబ్బీపేట, విజయవాడ

సమాధానం: 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు మునిగినప్పుడు చూసినవారికి ఈ ప్రశ్నకు సమాధానం తెలుసు. మొదటి మూడు నాలుగు రోజులు కావలసింది తాగునీరు, పాలు, తినడానికి సిద్ధంగా ఉన్న తిండి. అవి కూడా పడవ వెళ్లగలిగిన రోడ్డు మీదివారికి అంది, లోపలి సందుల్లోని మేడల మీద చిక్కుకున్నవారికి సరిగా అందలేదు. అందుచేత అటువంటప్పుడు విడిగా పొట్లాలు కట్టుకుని బయలుదేరకుండా, పడవలు, డ్రోన్లు నడిపిస్తున్న యంత్రాంగానికి అందించడం మేలు.

అసలు కష్టం నీళ్లు తీశాక మొదలవుతుంది, సరిగ్గా అప్పుడే దాతల తాకిడి తగ్గిపోతుంది. ఇంట్లో మోకాటి లోతు బురద, తడిసిన పరుపులు, పనిచేయని ఫ్రిజ్, స్టార్టు కాని బండి, ముద్దయిన పుస్తకాలు. బండి మీదే బతికే డెలివరీ కుర్రవాడికి మెకానిక్కుకు ఇవ్వవలసిన డబ్బు పది చీరల కంటే ఎక్కువ అక్కరకు వస్తుంది. బురద తోడే పారలు, బ్లీచింగ్ పొడి, కొత్త లోదుస్తులు, శానిటరీ ప్యాడ్లు, స్కూలు నోటుపుస్తకాలు పంపండి. పాత బట్టలు ఇవ్వాలనుకుంటే ఉతికి, ఇస్త్రీ చేసి, గుండీలున్నవే ఇవ్వండి, అదీ వారు అడిగినప్పుడే.

ప్రశ్న: సంస్థకు విరాళమిచ్చి రసీదు అడగడం అమర్యాద అవుతుందా?
– ఒక పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

సమాధానం: కాదు. రసీదు ఇవ్వడానికి నసిగే సంస్థకు ఇవ్వకపోవడమే మంచిది. పాత విధానంలో ఆదాయపు పన్ను కట్టేవారు, అర్హత ఉన్న సంస్థలకిచ్చిన విరాళం మీద మినహాయింపు పొందవచ్చు గానీ, నగదుగా 2,000 రూపాయలకు మించి ఇచ్చినదానికి అది వర్తించదు, కాబట్టి పెద్ద మొత్తాలను బ్యాంకు ద్వారానే పంపండి. వాట్సాప్‌లో చక్కర్లు కొట్టే క్యూఆర్ కోడ్‌లకు డబ్బు పంపే ముందు, ఆ రోగి ఉన్న ఆసుపత్రికి ఫోన్ చేసి, బిల్లింగ్ విభాగంలో విచారించండి.

ప్రశ్న: వచ్చే నెల నా పుట్టినరోజున ఇరవై మంది స్నేహితులం ఒకేసారి రక్తదానం చేయాలనుకుంటున్నాము. మంచిదేనా?
– ఇంజినీరింగ్ విద్యార్థి, గుంటూరు

సమాధానం: మంచిదే, కానీ ఇరవై మందీ ఒకేరోజు ఇవ్వకుండా విడతలుగా ఇవ్వండి. ఎర్రకణాలు నిల్వ ఉండేది 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు 5 రోజులే. కాలేజీలకు సెలవులిచ్చి శిబిరాలు తగ్గిపోయే వేసవిలో రక్తానికి కొరత ఏర్పడుతుంది, తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తవ్యాధి ఉన్న పిల్లలకేమో రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కిస్తూనే ఉండాలి. కాబట్టి మీలో ఐదుగురు వచ్చే నెల ఇచ్చి, మిగిలినవారు ఏప్రిల్, మే, జూన్ నెలలను పంచుకోండి, ఏ నెల ఎవరిదో రక్తనిధి వారికి ముందుగానే రాసివ్వండి. 18 ఏళ్లు నిండి, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్నవారు ఇవ్వవచ్చు. ఒకసారి ఇచ్చాక మగవారు మూడు నెలలు, ఆడవారు నాలుగు నెలలు ఆగాలి. ఉపవాసం ఉన్న రోజున వద్దు, టిఫిన్ చేసి, నీళ్లు బాగా తాగి వెళ్లండి.