‘షన్’ ఒక్కటే ప్రాస కాదు

ప్రశ్న: మా హైస్కూలు గోడపత్రికకు పిల్లలు ఇంగ్లీషులో పాట రాశారు. నాలుగు పాదాల చివర ఎడ్యుకేషన్, పొజిషన్, సొల్యూషన్, యాక్షన్ అని పెట్టారు. అన్నీ ‘షన్’తోనే ముగుస్తున్నాయి కదా, ఇవి ప్రాస కాదని మా సహోపాధ్యాయుడు అంటున్నారు. ఎవరిది సరి? (ఉపాధ్యాయురాలు, నంద్యాల)

జవాబు: మీ సహోపాధ్యాయుడిదే సరి. అయితే పిల్లల పొరపాటుకు కారణం ఉంది. మన పద్యంలో ప్రాస పాదంలోని రెండో అక్షరం మీద నిలుస్తుంది. అక్కడ హల్లు ఒకటైతే చాలు, దాని మీది అచ్చు మారినా తప్పు పట్టరు. ఇంగ్లీషు రైమ్ పద్ధతి వేరు. అక్కడ లెక్క మొదలయ్యేదే అచ్చుతో. మాటలో గట్టిగా నొక్కి పలికే అచ్చు దగ్గర మొదలుపెట్టి చివరిదాకా అంతా ఒకేలా వినిపించాలి, ఆ అచ్చుకు ముందున్న హల్లు మాత్రం వేరుగా ఉండాలి. ‘షన్’ను ఎప్పుడూ నొక్కి పలకరు. అందుకే అది ఎన్ని మాటల్లో కలిసినా ప్రాస పుట్టదు. ప్రాసను నిలబెట్టేది ‘షన్’కు ముందున్న అచ్చు.

పిల్లలతో ఇలా చేయించండి. మాటను పైకి పలికి, ‘షన్’కు ముందున్న అక్షరం దగ్గర ఆగమనండి. ఆ అక్షరంలోని హల్లును తీసేసి, మిగిలింది రాయమనండి. ఎడ్యుకేషన్‌లో ‘కే’ నుంచి క పోతే ‘ఏషన్’ మిగులుతుంది. పొజిషన్‌లో ‘ఇషన్’, సొల్యూషన్‌లో ‘ఊషన్’ మిగులుతాయి. యాక్షన్‌లో మధ్యన ఒక ‘క్’ కూడా ఉంది కాబట్టి అది నాలుగో కుటుంబం. నాలుగు పాదాలకు నాలుగు వేర్వేరు ప్రాసలు వచ్చాయన్నమాట.

గోడమీద ఒక పట్టిక కడితే ఏడాదంతా పనికొస్తుంది. ‘ఏషన్’ గదిలో నేషన్, స్టేషన్, వెకేషన్, క్రియేషన్ వస్తాయి. ‘ఓషన్’ గదిలో మోషన్, లోషన్, నోషన్, ప్రమోషన్, ఎమోషన్‌తో పాటు సముద్రం అనే అర్థం ఉన్న ఓషన్ కూడా చేరుతుంది. దాని స్పెల్లింగు వేరే అయినా చెవికి తేడా లేదు. ‘ఇషన్’ గది కూడా పెద్దదే: కండిషన్, ట్రెడిషన్, యాంబిషన్, మిషన్, పర్మిషన్, మ్యుజీషియన్, పాలిటీషియన్. చివరి రెంటినీ తెలుగులో మనం ‘షియన్’ అని సాగదీసి రాస్తాం. ఇంగ్లీషువాళ్లు మాత్రం మ్యుజిషన్, పాలిటిషన్ అనే అంటారు. ‘ఎన్షన్’ గదిలో టెన్షన్, పెన్షన్, మెన్షన్, అటెన్షన్ ఉంటాయి. ‘యాక్షన్’కు తోడుగా ఫ్రాక్షన్, రియాక్షన్ ఉన్నాయి.

ఒక సూత్రం గుర్తుంటే కొత్త మాట ఏ గదిదో చూడగానే తెలుస్తుంది. ‘టీ-ఐ-ఓ-ఎన్’కు సరిగ్గా ముందు ఏ, ఈ, ఓ, యూ అక్షరాల్లో ఏది ఉన్నా అది దీర్ఘంగా పలుకుతుంది: నేషన్, కంప్లీషన్, మోషన్, పొల్యూషన్. ‘ఐ’ మాత్రం ఎప్పుడూ పొట్టిగానే ఉంటుంది: ఎడిషన్, పొజిషన్. దీనికి లొంగనివి కొన్ని ఉన్నాయి. వివేకం అనే అర్థంలోని డిస్క్రెషన్‌లో ‘ఎ’ పొట్టిది. అందుకే అది కంప్లీషన్‌తో కలవదు, సెషన్, ప్రొఫెషన్ పక్కన చేరుతుంది.

మీ పిల్లల పాటను నిలబెట్టడానికి మచ్చుకు రెండు పాదాలు: ‘ద విజిల్ షుక్ ద స్టేషన్, వీ షౌటెడ్ ఫర్ వెకేషన్’. మొదటి పాదంలో విజ్, షుక్, స్టే దగ్గరా, రెండోదాంట్లో షౌ, ఫర్, కే దగ్గరా చప్పట్లు పడతాయి. పాదానికి మూడు దెబ్బలు. మూడో దెబ్బ రెండుచోట్లా ‘ఏ’ మీదే పడింది, ముందున్న హల్లు ఒకచోట ‘ట’, ఇంకోచోట ‘క’. చివరి ‘షన్’ దెబ్బ అయిపోయాక మిగిలే తేలిక ముక్క. ఇలా నొక్కిన అక్షరం తరువాత ఒక తేలిక అక్షరంతో ముగిసే ప్రాసను ఇంగ్లీషు ఛందస్సులో డబుల్ రైమ్ అంటారు.

ప్రశ్న: ఇంటర్వ్యూలో నేను ‘ఎడ్యుకేషన్’, ‘ఇన్ఫర్మేషన్’ అంటే అవతలివాళ్లకు ఒక్కోసారి అర్థం కావడం లేదు. అక్షరాలన్నీ సరిగ్గానే పలుకుతున్నాను. (డిగ్రీ విద్యార్థి, వరంగల్)

జవాబు: అక్షరాలు సరే, నొక్కు తప్పుతోంది. తెలుగులో ఏ అక్షరాన్ని నొక్కినా మాట అర్థం మారదు కాబట్టి మనకు ఆ అలవాటు లేదు. ఇంగ్లీషు వినేవాళ్లు నొక్కు పట్టుకునే మాటను గుర్తుపడతారు. ‘షన్’ మాటలకు సూత్రం ఒక్కటే: దానికి ముందున్న అక్షరాన్నే నొక్కాలి. ఎడ్యుకేషన్‌లో ‘కే’, ఇన్ఫర్మేషన్‌లో ‘మే’, సెలబ్రేషన్‌లో ‘బ్రే’.

చిక్కల్లా క్రియ నుంచి నామవాచకం వచ్చేటప్పుడే. ఎడ్యుకేట్‌లో నొక్కు మొదటి ‘ఎ’ మీద ఉంటుంది. ‘షన్’ చేరగానే అది ‘కే’ మీదికి జరుగుతుంది. ఇన్ఫార్మ్‌లో ‘ఫా’ మీద ఉన్నది ఇన్ఫర్మేషన్‌లో ‘మే’ మీదికి పోతుంది, వదిలేసిన ‘ఫా’ కుంగి ‘ఫ’ అవుతుంది. నొక్కు పోయిన అచ్చు ఇలా బలహీనపడుతుంది. ఎక్స్‌ప్లెయిన్‌లోని ‘ప్లే’ ఎక్స్‌ప్లనేషన్‌లో ‘ప్ల’ అయిందీ, స్పెల్లింగులోంచి ‘ఐ’ జారిపోయిందీ ఈ క్రమంలోనే. ప్రొనౌన్స్ నుంచి వచ్చేది ప్రొనన్సియేషన్. ‘ప్రొనౌన్సియేషన్’ అని పలకడం, అలాగే ఒక ‘ఓ’ ఎక్కువేసి రాయడం మన దగ్గర బాగా పాతుకుపోయిన తప్పు.

సాధనకు రోజూ పది జతలు చాలు. క్రియను, నామాన్ని వెంటవెంటనే పలుకుతూ నొక్కిన అక్షరం దగ్గర మాత్రమే బల్లమీద తట్టండి. ఎడ్యుకేట్, ఇన్ఫార్మ్ లాంటి నొక్కు జరిగే జతల్లో చెయ్యి రెండోసారి వేరే చోట పడాలి. అదే చోట పడితే మాట పాతపద్ధతిలోకి జారిందని అర్థం. టెలివిజన్ మాత్రం ఈ సూత్రానికి బయట ఉంది. అందులో ప్రధానమైన నొక్కు మొదటి ‘టె’ మీదే.

ప్రశ్న: ఏడో తరగతి చదివే మా అమ్మాయికి డిక్టేషన్‌లో ‘షన్’ మాటలన్నీ తప్పుతున్నాయి. ఎప్పుడు టీ, ఎప్పుడు ఒక ఎస్, ఎప్పుడు రెండు ఎస్‌లు? (ఒక తల్లి, తెనాలి)

జవాబు: చెవిని నమ్ముకుంటే కుదరదండీ, క్రియను అడగాలి. మాట వినగానే దాని వెనక ఉన్న క్రియ ఏమిటో పాపను చెప్పమనండి. క్రియ చివర ‘మిట్’ ఉంటే రెండు ఎస్‌లు: పర్మిట్ నుంచి పర్మిషన్, అడ్మిట్ నుంచి అడ్మిషన్, సబ్మిట్ నుంచి సబ్మిషన్. క్రియలోనే రెండు ఎస్‌లు ఉంటే అవి అలాగే నిలుస్తాయి: డిస్కస్ నుంచి డిస్కషన్, ఎక్స్‌ప్రెస్ నుంచి ఎక్స్‌ప్రెషన్. ‘సీడ్’తో ముగిసే ప్రొసీడ్, సక్సీడ్ నుంచి వచ్చే ప్రొసెషన్, సక్సెషన్‌లకు కూడా రెండే.

క్రియ చివర ‘డ్’ వినిపిస్తే ఎక్కువసార్లు ఒక ఎస్: ఎక్స్‌టెండ్, ఎక్స్‌టెన్షన్, డివైడ్, డివిజన్, డిసైడ్, డెసిషన్. ఇక్కడే పిల్లలు పడిపోయే గుంట ఉంది: అటెండ్ నుంచి అటెన్షన్, ఇంటెండ్ నుంచి ఇంటెన్షన్ రెండూ టీతోనే రాయాలి. ఈ రెంటినీ విడిగా కంఠస్థం చేయించండి. మనుషుల వృత్తి చెప్పే మాటైతే ‘సీ-ఐ-ఏ-ఎన్’: ఎలక్ట్రీషియన్, టెక్నీషియన్. ఇవేవీ కాకపోతే టీ వేసేయమనండి, ఎక్కువ మాటలు అలాంటివే. సస్పిషన్‌కు సీ-ఐ-ఓ-ఎన్, ఫ్యాషన్, కుషన్‌లకు ‘ఎస్-హెచ్-ఐ-ఓ-ఎన్’. ఇవి కొన్నే కాబట్టి భయం లేదు.

ఒక ఎస్ ఉన్నప్పుడు పలుకు కూడా చూసుకోవాలి. ఎస్‌కు ముందు ఎన్ లేదా ఎల్ ఉంటే మామూలు ‘ష’: టెన్షన్, ఎక్స్‌పల్షన్. అచ్చు ఉంటే ధ్వని మోగుతుంది: విజన్, డెసిషన్, ఫ్యూజన్, ఎక్స్‌ప్లోజన్. తెలుగులో ఈ ధ్వనికి అక్షరం లేదు కనుక ఒకచోట ‘జ’, ఒకచోట ‘ష’ రాసి సరిపెట్టుకుంటున్నాం. నేర్పడం తేలికే. గొంతుమీద వేలు పెట్టి ‘ష్‌ష్‌ష్’ అని సాగదీయమనండి, వేలికి ఏమీ తగలదు. ఊపిరి ఆపకుండా, నాలుక కదపకుండా గొంతు మోగించమనండి. వేలికి అదురు తెలిసిన క్షణంలో వచ్చేదే ఆ ధ్వని. నాలుక అంగిలికి పూర్తిగా అంటుకుంటే ‘జ’ అయిపోతుంది. ఈ లెక్కన మిషన్‌కూ విజన్‌కూ పక్కా ప్రాస లేదు.

ప్రశ్న: రేషన్, నేషన్ ప్రాస కలుస్తాయా? కెమిస్ట్రీలో కేషన్ కూడా ఉంది. (ఇంటర్ విద్యార్థి, ఖమ్మం)

జవాబు: మన చౌకధరల దుకాణం రేషన్ నేషన్‌తో బ్రహ్మాండంగా కలుస్తుంది. బ్రిటిష్ పలుకు మాత్రం ర్యాషన్, అది ఫ్యాషన్, ప్యాషన్‌ల జట్టు. అమెరికాలో రెండూ వినిపిస్తాయి. నేషన్‌కు ‘అల్’ చేరితే అచ్చు పొట్టిదై న్యాషనల్ అవుతుందని కూడా గమనించండి. ఇక ధనావేశం ఉన్న అయాను అసలు ‘షన్’ మాటే కాదు. అది క్యాట్, అయాన్ రెండుగా విడిపోయే మాట, క్యాటయాన్ అని పలకాలి. ‘కేషన్’ అని చదివితే తప్పు.

ప్రశ్న: క్వశ్చన్‌లో ‘చ’ ఎందుకు వస్తుంది? (విజయనగరం)

జవాబు: టీకి ముందు ఎస్ ఉండటం వల్ల. అదే కారణంగా సజెశ్చన్, డైజెశ్చన్, కంజెశ్చన్ అనాలి. మనం క్వశ్చన్‌ను సరిగ్గా పలికి, సజెషన్, డైజెషన్ దగ్గర ‘చ’ను మింగేస్తున్నాం. క్వశ్చన్ మిగతా మూడింటితోనూ చక్కటి ప్రాస. ఆ మూడింటిలో మాత్రం నొక్కిన అక్షరం ‘జె’ ఒకటే కాబట్టి వాటిని ఒకదానికొకటి జత చేయకండి.

ప్రశ్న: క్రియేట్‌కు క్రియేషన్ ఉన్నప్పుడు అప్‌డేట్‌కు ‘అప్‌డేషన్’ ఎందుకు తప్పు? మా ఆఫీసు మెయిళ్లన్నీ దానితోనే నిండి ఉంటాయి. (హైదరాబాద్)

జవాబు: క్రియేట్, రొటేట్, డొనేట్‌లలోని ‘ఏట్’ లాటిన్ నుంచి వచ్చిన క్రియాప్రత్యయం. దానికి ‘ఐ-ఓ-ఎన్’ అతకడం పాత సంప్రదాయం. అప్‌డేట్‌లోని ‘డేట్’ తేదీ. ‘అప్’ను దానికి ముందు తగిలించారు తప్ప అందులో ప్రత్యయమేమీ లేదు. స్కేట్‌కు, డిబేట్‌కు ‘షన్’ రాదు, దీనికీ అంతే. నామంగా కూడా అప్‌డేట్ అనే రాయండి. అప్‌గ్రడేషన్ మాత్రం భారతీయ ఇంగ్లీషులో స్థిరపడింది, అయినా విదేశీ క్లయింట్లకు అప్‌గ్రేడ్ అని రాస్తే మేలు.

ప్రశ్న: ఇక్కడి తెలుగు సంఘం పిల్లల కోసం ఇంగ్లీషు, తెలుగు కలిపి ర్యాప్ రాస్తున్నాను. ‘షన్’ మాటలు కంప్యూటరుతో ఏరుకోవచ్చా? ప్రాస సరిగ్గానే ఉన్నా పాట ఉపన్యాసంలా వినిపిస్తోంది. (డాలస్)

జవాబు: ఏరుకోవచ్చు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం ఉచితంగా ఇచ్చే ఉచ్చారణ నిఘంటువులో 1,30,000కు పైగా మాటలు ఉన్నాయి. అందులో నేషన్ ‘ఎన్, ఈవై1, ఎస్‌హెచ్, ఏహెచ్0, ఎన్’ అని ఉంటుంది. అచ్చు పక్కన 1 ఉంటే ప్రధానమైన నొక్కు, 2 ఉంటే చిన్న నొక్కు, 0 ఉంటే నొక్కు లేదు. మాటలో 1 ఉన్న అచ్చు నుంచి చివరిదాకా కత్తిరించి, అదే ముక్క ఉన్న మాటలన్నీ తీయండి. స్పెల్లింగు చివరి నాలుగు అక్షరాలతో వెతికితే క్వశ్చన్, క్యాటయాన్ కూడా వచ్చిపడతాయి, ఓషన్, ఫ్యాషన్ జారిపోతాయి. ఇందులో ఉన్నది అమెరికన్ పలుకు, డాలస్ పిల్లలకు అదే సరి.

వచ్చిన జాబితాను మళ్లీ వడకట్టాలి. నేషన్, డొనేషన్, డెస్టినేషన్, ఎక్స్‌ప్లనేషన్‌లన్నిటిలో నొక్కిన అక్షరం ‘నే’. హల్లు కూడా ఒకటే కావడంతో చెవికి అదే మాట తిరిగొచ్చినట్టు ఉంటుంది. నేషన్‌కు జతగా స్టేషన్, వెకేషన్, క్రియేషన్ తీసుకోండి. బహువచనంతోనూ జాగ్రత్త: నేషన్స్ చివర వినిపించేది ‘జ్’, పేషన్స్ చివర ‘స్’. తెలుగు లిపిలో రాస్తే కవలల్లా ఉంటాయి గానీ మైకులో తేడా తెలిసిపోతుంది.

ఉపన్యాసంలా వినిపించడానికి కారణం ప్రాస కాదు, మాటల జాతి. ‘షన్’ మాటల్లో ఎక్కువ భాగం భావాల పేర్లు. ఎడ్యుకేషన్, డెడికేషన్, డిటర్మినేషన్ వరసగా పడితే పిల్లాడి కంటికి ఏ బొమ్మా కనపడదు. జతలో ఒకటి భావమైతే రెండోది చేత్తో తాకగలిగేది పెట్టండి: ఎమోషన్‌కు లోషన్, అటెన్షన్‌కు పెన్షన్, డిస్కషన్‌కు రష్యన్. ఎనిమిది పాదాలకు ఒక్క ‘షన్’ జత చాలు. మిగతాచోట్ల రైన్, ట్రైన్ లాంటి ఒంటి అక్షరపు ప్రాసలు వేయండి. తెలుగు పాదాలు వచ్చినచోట మన అంత్యప్రాసనే నడిపించండి. తెలుగు మాటను ‘షన్’ దగ్గరికి ఈడ్చుకెళ్తే రెండు భాషల్లోనూ నడక చెడుతుంది.