అక్కయ్య దగ్గరున్న మాండొలిన్

ప్రశ్న: మా నాన్నగారు వయసులో ఉండగా మద్రాసులో నాటకాలకు మాండొలిన్ వాయించేవారు. నిరుడు కాలం చేశారు. అమ్మ అంతకు ముందే పోయింది. చివరి మూడేళ్లు ఆయన భీమవరంలో మా అక్కయ్య దగ్గరే ఉన్నారు, మాండొలిన్ కూడా అక్కడే ఉండిపోయింది. నీటిబొట్టు ఆకారం, కోల రంధ్రం, లోపలి చీటీ మీద గిబ్సన్, కలమజూ అని ఉన్నాయి. అది ఏ సంవత్సరానిది? ఎంత పలుకుతుంది? ఫ్లాటు వాయిదాలు బరువుగా ఉన్నాయి కనుక అమ్ముదామంటే, పాలకొల్లు ఇంటి మీద అడగ్గానే హక్కు వదులుకుని సంతకం పెట్టిన అక్కయ్య దీనికి మాత్రం మొండికేస్తోంది. – బెంగళూరు పాఠకుడు

జవాబు: మీరు అడిగినది తేలికైన సంగతే కనుక ముందు అది చెప్పేస్తాను. గిబ్సన్ సంస్థ 1902లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, కలమజూ పట్టణంలో మొదలైంది. రంధ్రంలోంచి కనిపించే చీటీ మీది సంఖ్యను, లోపల మెడ అతికిన దిమ్మ మీద ముద్రించిన సంఖ్యను ఫొటో తీసి పాత వాద్యాలు తెలిసినవారికి చూపిస్తే ఏ కాలానిదో చెబుతారు. 1922–24 మధ్య ఆ సంస్థ వాద్య నిపుణుడు లాయిడ్ లోర్ సంతకంతో వెలువడిన ఎఫ్-5 అనే రకం మాండొలిన్లు లక్ష డాలర్లు దాటి పలుకుతాయి గాని, మీరు వర్ణించినది ఆ కోవది కాదు. సాధారణంగా దాని వెల వేల డాలర్లలోనే ఉంటుంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ వల్ల మన దగ్గర గిరాకీ ఉంటుందనుకుంటారేమో, ఆయన వాయించినది అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యం. ఇది జంట తీగలది. విదేశాలకు పంపాలంటే, వందేళ్లు నిండిన వస్తువుకు 1972 నాటి పురావస్తు చట్టం అడ్డురావచ్చు, ముందుగా పురావస్తు శాఖను అడగాలి.

ఇక అసలు విషయం. ఇల్లంతా మీకు వదిలేసిన మనిషి ఒక్క వాద్యాన్ని వదలనంటే అది మొండితనమని మీకెలా తోచిందో నాకు అర్థం కాలేదు. తండ్రిని మూడేళ్లు కనిపెట్టుకుని ఉన్నది ఆవిడేనని మీరే రాశారు. ఆ మూడేళ్లలో మీరు ఎన్నిసార్లు వెళ్లారో, మందులకు ఏం పంపారో ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆడపిల్ల పుట్టింటి ఆస్తి మీద సంతకం పెట్టి తప్పుకోవడం మన ఇళ్లలో ఎంత మామూలైపోయిందంటే, ఆ సంతకం వెనుక ఆవిడ ఏం పోగొట్టుకుందో అన్నదమ్ములకు కనిపించడమే మానేసింది. మీ అక్కయ్య ఇల్లు అడగలేదు, నగలు అడగలేదు, నాన్నగారి చేతి చెమట పట్టిన ఒక్క వస్తువును ఉంచుకుంది, దాన్నీ వాయిదాల లెక్కలో వేసుకుని అడిగారు.

చట్టం సంగతి కూడా వినండి. నాన్నగారు వీలునామా రాయకపోతే 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం అందులో మీకు సగం వస్తుంది. బతికి ఉండగానే ఆయన దాన్ని ఆవిడకు ఇచ్చి చేతిలో పెట్టి ఉంటే మాత్రం, చరాస్తి కనుక అప్పగించడంతోనే ఆ దానం పూర్తయినట్టే, రిజిస్ట్రేషన్ అక్కరలేదు, మీకు వాటా ఉండదు. ఏది జరిగిందో ఆవిడను మీరు అడిగినట్టు ఉత్తరంలో లేదు. ఒకవేళ సగం మీదేనని తేలినా, ఆ హక్కును ఆవిడ మీద వాడటం తమ్ముడు చేయదగిన పని కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఫ్లాటు అప్పు గడువు పొడిగించమని బ్యాంకును అడగండి. తరువాత భార్యాపిల్లలతో భీమవరం వెళ్లి రెండు రోజులుండండి, వెల మాట ఎత్తవద్దు, నాన్నగారి చివరి రోజులు ఎలా గడిచాయో ఆవిడ చెబుతుంటే వినండి. మాండొలిన్ బయటకు తీస్తే కొత్త పాలిష్ వేయించవద్దని మాత్రం చెప్పండి, పాత పూత పోతే దాని విలువ పడిపోతుంది. ఎప్పుడైనా ఆవిడే అమ్ముదామంటే నేను చెప్పిన ఫొటోలు అప్పుడు తీయండి, వచ్చిన సొమ్ము ఆవిడ ఖాతాలోనే వేయించండి.