నగలకు మెరుగు సరే, కుదువలో ఉన్న పన్నెండు సవర్ల సంగతేంటి?

కావలి నుంచి ఒక సోదరి ఇలా రాశారు:

"మాకు 30 సవర్ల బంగారం ఉంది. అమ్మ పెట్టినవి, అత్తగారు ఇచ్చినవి, మేం చేయించుకున్నవి. కాసులపేరు, బుట్టకమ్మలు, ముత్యాల పేరు బాగా మెరుపు తగ్గాయి. ఇంట్లో ఎలా శుభ్రం చేసుకోవాలి? టూత్‌పేస్టుతో తోమొచ్చా? మెరుగు పెడతామని ఇంటికొచ్చే వాళ్లకు ఇవ్వొచ్చా? బీరువాలో ఉంచడం మంచిదా, లాకరు తీసుకోమంటారా? వీటిలో 12 సవర్లు అత్తగారి మోకాలి ఆపరేషన్‌కి ప్రైవేటు ఫైనాన్సులో కుదువ పెట్టాం. 3 లక్షల 40 వేలు, నూటికి రెండు రూపాయల వడ్డీ, 20 నెలలైంది. రేటు పెరిగింది కాబట్టి అదే బంగారం మీద ఇంకా ఇస్తామంటున్నారు. అది తీసుకుని, ఇంకో 8 సవర్లు కూడా పెట్టి, బంధువుల రొయ్యల చెరువులో వాటా తీసుకుందామని మావారు అంటున్నారు. నాకు ప్రైవేటు స్కూల్లో 18 వేల జీతం. ఆయనకి స్పేర్ పార్టుల షాపులో నెలకు 32 వేలు మిగులుతుంది. ఇంటి ఖర్చు 28 వేలు. నగల షాపు స్కీముకి 5 వేలు కడుతున్నాం. మిగిలింది పిల్లల ఫీజులకి, షాపు సరుకుకి సరిపోతోంది. బ్యాంకులో 18 వేలున్నాయి. బంగారం ఉంది కదా అని విడిగా డబ్బేమీ దాచుకోలేదు."

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ చివరి వాక్యం. నెల్లూరు, ఒంగోలు, కావలి, ఎక్కడికెళ్లినా నాకు వినపడే మాటే ఇది. బంగారం ఉందనే ధైర్యంతో చేతిలో డబ్బు ఉంచుకోరు. ఆసుపత్రి ఖర్చు వస్తే కాసులపేరు వెళుతుంది, ఫీజుల నెలలో గాజులు వెళతాయి. అందుకే మీ జవాబు అందరికీ కనపడేలా రాస్తున్నాను.

ముందు మీరు అడిగినవి చెప్తాను.

టూత్‌పేస్టు వద్దు. అందులో పళ్లను రుద్దే గరుకు పొడి ఉంటుంది, 22 క్యారెట్ల బంగారం మెత్తన. నాలుగుసార్లు తోమితే సన్నటి గీతలు పడి ఉన్న నునుపు కూడా పోతుంది. బ్లీచింగ్ కలిసిన నీళ్లు, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ నగ దరిదాపుల్లోకి రాకూడదు. 916 అంటే 22 క్యారెట్ల బంగారంలో మిగతా 8.4 శాతం రాగి, వెండి లాంటివే. క్లోరిన్ వాటిని పట్టుకుంటుంది, రంగు మారుతుంది. ఇల్లు కడిగేటప్పుడు గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టండి.

రాళ్లు, ముత్యాలు లేని బంగారానికి మన ఇళ్లలో కుంకుడు రసాన్ని మించింది లేదు. నాలుగు కాయలు కొట్టి గోరువెచ్చని నీళ్లలో నానేసి, వడకట్టి, ఆ నీళ్లలో నగని పావుగంట ఉంచండి. కాసులపేరు తిరగేసి చూడండి. ఒక్కో కాసు వెనక, కొక్కెం చుట్టూ నల్లగా ఒక పొర ఉంటుంది. పసుపు, చెమట, కొబ్బరినూనె, పౌడరు అన్నీ కలిసి గట్టిపడిన మడ్డి అది. పిల్లల మెత్తటి బ్రష్షుతో ఆ సందుల్లో మెల్లగా రుద్దితే చాలు, నీళ్లు బూడిద రంగుకి తిరుగుతాయి. మీ నగ మెరుపేమీ పోలేదు, ఆ మడ్డి కింద అలాగే ఉంది. కుంకుళ్లు లేకపోతే అంట్లు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేసుకోండి. పని మాత్రం గిన్నెలోనే చేయండి, సింకులో వద్దు. ఊడిన సీల కాలవలోకి పోతే దొరకదు. కడిగాక పాత నూలు గుడ్డతో అద్ది, ఫ్యాను కింద పూర్తిగా ఆరనివ్వండి.

ముత్యాలు, పగడాలు వేరు. వాటిని నానబెడితే లోపలి దారం నాని కుళ్లుతుంది, ముత్యం మీద నిగారింపు పోతుంది. సెంటు, చెమట వాటికి పడవు. అలంకారమంతా అయ్యాక ఆఖరున వేసుకుని, తీసేటప్పుడు ముందు తీసి, తడి పిండేసిన మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టండి. దారం వదులైతే తెగేదాకా చూడకుండా మళ్లీ గుచ్చించుకోండి. లక్క పోసిన నగల్ని, వెనక రేకు పెట్టి రాళ్లు పొదిగిన కుందన్ నగల్ని నీళ్లలో ముంచొద్దు. పొడి గుడ్డే.

ఇంటికొచ్చి మెరుగు పెట్టేవాళ్ల విషయం ఒక్క మాటలో చెప్తాను: గుమ్మం కూడా ఎక్కనివ్వకండి. వాళ్ల గిన్నెలో ఉండేది చాలాసార్లు నైట్రిక్, హైడ్రోక్లోరిక్ యాసిడ్లు కలిపిన ద్రావకం. అది బంగారాన్ని కూడా కరిగించుకోగలదు. గాజు తళతళలాడుతూ మీ చేతికొస్తుంది, దాని పైపొర వాళ్ల గిన్నెలో ఉంటుంది. ఒంగోలులో ఒక కుటుంబం ఇలాగే నాలుగు గాజులు ఇచ్చి, రెండు నెలల తర్వాత తూకం వేయించుకుని నా దగ్గరికొచ్చి ఏడ్చారు. మెరుగు పెట్టించాలంటే తెలిసిన కంసాలి దగ్గరికి వెళ్లి ఎదురుగా కూర్చుని, పెట్టకముందు, పెట్టాక తూకం చూసుకోండి.

దాచడంలో రెండే మాటలు. ఒక్కో నగ ఒక్కో మెత్తటి గుడ్డ సంచిలో ఉండాలి. గొలుసులు కొక్కేలు తగిలించి చుట్టండి, లేకపోతే ఒకదానితో ఒకటి చిక్కుపడి తెంపుకుంటాయి. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి వెండి పట్టీలు, మెట్టెలు తొందరగా నల్లబడతాయి. పేపర్లో చుట్టడం, రబ్బరు బ్యాండు వేయడం మానండి. వెండిని నల్లబరిచేది గంధకం, అది రబ్బర్లో ఉంటుంది. డబ్బాలో ఒక సుద్దముక్క వేస్తే కొంత చెమ్మ లాగుతుంది.

రోజూ వేసుకునేవి తప్ప మిగతావన్నీ లాకర్లో పెట్టండి. అయితే లాకర్లో పెడితే బ్యాంకుదే పూచీ అనుకోకండి. రిజర్వు బ్యాంకు 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధనల ప్రకారం దొంగతనం, అగ్నిప్రమాదం, భవనం కూలడం, ఉద్యోగి మోసం జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్లు మాత్రమే. అద్దె 2 వేలైతే 2 లక్షలు. వరద, తుపాను నష్టానికి అదీ ఉండదు. 2021 నవంబరులో పెన్నా పొంగి నెల్లూరు చుట్టుపక్కల ఇళ్లలోకి నీళ్లొచ్చింది మీరూ చూశారు. అందుకే నగల్ని కూడా కలిపి ఇంటి బీమా తీసుకోండి. దానికి బిల్లులు, తూకాలు, ఫొటోలు కావాలి. ఈ ఆదివారం అన్ని నగలూ ఒక తెల్లటి దుప్పటి మీద పరిచి, విడివిడిగా ఫొటోలు తీసి, గ్రాములు ఒక నోటుబుక్కులో రాసుకోండి. కొత్త నగలకు ఆరు అక్షరాల హాల్‌మార్కు నంబరు ఉంటుంది, అదీ రాయండి.

ఇక అసలు సంగతికి వద్దాం.

మీరు నగల శుభ్రం గురించి ఎన్నో ప్రశ్నలు అడిగారు. 12 సవర్లు, అంటే 96 గ్రాములు, 20 నెలలుగా వేరేవాళ్ల ఇనప్పెట్టెలో ఉన్నాయన్నది మాత్రం మధ్యలో ఒక వాక్యంలో చెప్పి వదిలేశారు. నూటికి రెండు రూపాయలంటే నెలకు 6,800. 20 నెలలకు 1 లక్షా 36 వేలు కట్టేశారు. అసలులో ఒక్క రూపాయి తగ్గలేదు. టూత్‌పేస్టు వల్ల ఒక్క గ్రాము పోతుందేమోనని భయపడుతున్న మీరు, అంతకు ఎన్నో రెట్లు వడ్డీ రూపంలో పోగొట్టుకున్నారు. దీన్ని "వడ్డీ కడుతున్నాం" అని మామూలుగా రాయడం చూసి నాకు బాధేసింది.

ఆపరేషన్ రోజున 1 లక్షా 70 వేలు చేతిలో ఉండుంటే సగం అప్పు చేయాల్సిన పనే లేదు. నేను పదే పదే చెప్పే అత్యవసర నిధి అంటే అదే. ఆరు నెలల ఇంటి ఖర్చు డబ్బు రూపంలో, అడిగిన రోజే చేతికొచ్చేలా ఉండాలి. మీకు 28 వేల చొప్పున 1 లక్షా 68 వేలు. బంగారం ఆ పని చేయలేదు. అర్ధరాత్రి ఆసుపత్రి కౌంటర్లో వడ్డాణం తీసుకోరు. తెల్లారేదాకా ఆగి ఫైనాన్సు ఆఫీసు తలుపు తట్టాలి. అంత టెన్షన్లో ఉన్నప్పుడు వాళ్లు చెప్పిందే వడ్డీ, వాళ్లు వేసిందే తూకం. మీరు నూటికి రెండు రూపాయలకు ఒప్పుకున్నది కూడా అలాంటి రోజునే కదా?

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. చెరువు కోసం పెడదామనుకున్న 8 సవర్లు ఉన్నాయే, వాటిని బ్యాంకుకు తీసుకెళ్లండి. ఇప్పుడున్న రేటుకు 3 లక్షల 40 వేలకు బహుశా ఎనిమిదీ అక్కర్లేదు. ఆ డబ్బుతో ఫైనాన్సు అప్పు ఒకే రోజు తీర్చేసి 12 సవర్లూ విడిపించుకోండి. బ్యాంకులో ఏడాదికి పది శాతం అనుకున్నా నెల వడ్డీ 2,833. అంటే నెలకు దాదాపు 4 వేలు మిగులుతుంది. నగల షాపు స్కీము ఈ విడత పూర్తికాగానే ఆపేయండి. 20 నెలలుగా ఉన్న నగకే వడ్డీ కడుతూ, ఇంకోపక్క కొత్త నగ కోసం 5 వేలు కట్టడం ఏం లెక్కమ్మా? ఆ షాపుకి ఏదైనా అయితే బ్యాంకు డిపాజిట్‌కి ఉండే 5 లక్షల బీమా లాంటిది కూడా దానికి ఉండదు.

ఆ 4 వేలు, ఈ 5 వేలు కలిపి నెలకు 9 వేలు. జీతం పడిన మర్నాడే, మీ పేరు మీద వేరే బ్యాంకులో తెరిచిన ఖాతాలోకి వెళ్లిపోవాలి. షాపు ఖాతా ఉన్న బ్యాంకు వద్దు, సరుకు బిల్లులకి కరిగిపోతుంది. ఇప్పుడున్న 18 వేలు దానికి కలిపితే 17 నెలల్లో 1 లక్షా 68 వేలు దాటుతుంది. అందులో 30 వేలు సేవింగ్సులో ఉంచి మిగతాది చిన్న చిన్న ఫిక్స్‌డ్ డిపాజిట్లుగా వేసుకోండి, అవసరమైనంత మేరకే ఒకటి రద్దు చేసుకోవచ్చు. నిధి నిండాక అదే 9 వేలు బ్యాంకు అప్పు అసలుకి మళ్లించండి. అప్పటిదాకా కూడా వడ్డీ మాత్రమే కట్టి ఊరుకోకుండా, పండగ బోనసో, షాపులో మంచి సీజనో వచ్చినప్పుడు అసలులో ఎంతో కొంత కట్టండి.

హాల్‌మార్కు లేని పాత తెగిన గొలుసులు, ఎవరూ పెట్టుకోని ఉంగరాలు ఉంటే అమ్మి అప్పు తగ్గించుకోవడం కూడా మంచి మార్గమే. లాభం మీద పన్ను లెక్క ఒకసారి చూసుకోండి. కుటుంబానికి ఆరోగ్య బీమా ఈ ఏడాదే తీసుకోండి.

రొయ్యల చెరువు మాట మీవారితోనే చెప్పాలి, అందుకని ఆయనకే రాస్తున్నాను. అన్నా, రేటు పెరిగింది కాబట్టి అదే నగ మీద ఇంకా ఇస్తామంటున్నారంటే అది మీకు వచ్చిన లాభం కాదు, మీ మీద పెరిగే అప్పు. రేటు దిగిన రోజు వాళ్లే తేడా కట్టమని నోటీసు పంపిస్తారు. కట్టలేకపోతే వేలం. చెరువులో పంట మూడు నాలుగు నెలలు. మధ్యలో తెల్లమచ్చ తెగులు వచ్చిందంటే మేత, కరెంటు, సీడ్ డబ్బు అంతా నీళ్లపాలే. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రేట్లు ఎలా పడిపోయాయో అల్లూరు, విడవలూరు వైపు రైతుల్ని అడగండి. సొంత డబ్బు ఉండి, పోయినా ఇల్లు గడుస్తుందనుకుంటే చెరువులో దిగండి, తప్పులేదు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి, భార్య మెడలోది కుదువ పెట్టి దిగడానికి మాత్రం నేను ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను. బంధువులు మొహమాటపెడితే నా పేరు చెప్పండి.

అమ్మా, 12 సవర్లు విడిపించుకునే రోజు మీరు కూడా వెళ్లండి. రసీదులో రాసిన తూకం ముందు చూసుకుని, కౌంటరు దగ్గరే ప్రతి నగా మళ్లీ తూకం వేయించండి. కమ్మల సీలలు, గొలుసు కొక్కేలు, కాసుల లెక్క సరిపోయాయో లేదో అక్కడే చూసుకోండి. అప్పు పూర్తిగా తీరినట్లు రాసిన కాగితం, మీరు సంతకం చేసి ఇచ్చిన పత్రాలు తీసుకున్నాకే గుమ్మం దిగండి. 20 నెలలు ప్లాస్టిక్ కవర్లో ఉన్న నగలు కాబట్టి ఆ సాయంత్రమే కుంకుళ్లు నానబెట్టుకోవచ్చు.