ఏప్రిల్, మే జీతం రాదు... పియానోకు లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 37. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో మ్యూజిక్ టీచర్‌ని. జీతం రూ.46,000. ఏప్రిల్, మేలో ఇవ్వరు. వీకెండ్స్‌లో హోటళ్లలో జాజ్ పియానో వాయిస్తాను. అక్టోబరు నుంచి జనవరి దాకా నెలకు 60 వేలు వస్తాయి. మిగతా నెలల్లో 15 వేలు, పోయిన మేలో అయితే 8 వేలే. ఇంటి ఖర్చు 52 వేలు. నా భార్య ఉద్యోగం చేయడం లేదు, ఒక పాప. చేతిలో 1.8 లక్షలున్నాయి, క్రెడిట్ కార్డు బాకీ 90 వేలు. రూ.7.9 లక్షల అప్‌రైట్ పియానోకు 10 వేలు అడ్వాన్స్ ఇచ్చాను. ఒక యాప్ 6 లక్షలు 14 శాతానికి, నాలుగేళ్లకు ఇస్తానంటోంది. తీసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. సీజన్లో వచ్చిన డబ్బు చూసి ఏడాది పొడవునా అంతే వస్తుందనుకోవడం ఫొటోగ్రాఫర్లు, క్యాటరింగ్ వాళ్లు, కళాకారులు చాలామంది చేసే పొరపాటు. ఈ లోన్‌కు ఈఎంఐ దాదాపు రూ.16,400. జీతం వచ్చే మామూలు నెలల్లోనే మీకు మిగిలేది 9 వేలు. మరి మేలో ఏం పెట్టి కడతారు?

మీరు పంపిన కార్డు స్టేట్‌మెంట్ చూశాను. రెండు నెలల అద్దె, కిరాణా, పాప స్కూలు ఫీజు, అన్నీ ఏప్రిల్, మేలో గీకినవే. ఆ తర్వాత నెల నెలా మినిమమ్ మాత్రమే కడుతూ వచ్చారు. బ్యాంకులో డబ్బు పెట్టుకుని నెలకు మూడున్నర శాతం వడ్డీ కట్టడం ఏమిటి? నెలకు మూడు వేల పైనే పోతోంది! ఈరోజే 90 వేలూ కట్టేయండి.

మిగిలిన 90 వేలు వేరే ఖాతాలో వేసి ఏప్రిల్ దాకా ముట్టుకోకండి. ఈ వేసవి రెండు నెలల్లో మీకు తగ్గే 81 వేలు ఇందులోంచే తీసుకోండి. ఫిబ్రవరి నుంచి నెలకు 9 వేలు, అక్టోబరు నుంచి 54 వేలు అదే ఖాతాలో వేస్తే వచ్చే జనవరి నాటికి 2.79 లక్షలవుతాయి. ఆరు నెలల ఖర్చు రూ.3.12 లక్షలు నిండాలి. అప్పటిదాకా కొత్త సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) కూడా వద్దు. మీ సంపాదన మీ రెండు చేతుల మీదే ఉంది. 2018లో రెండుసార్లు స్ట్రోక్ వచ్చాక ప్రసిద్ధ జాజ్ పియానిస్టు కీత్ జారెట్ అంతటివారే ఎడమ చేత్తో వాయించలేని స్థితికి వచ్చారు. అలాంటి కష్టంలో ఇల్లు నడిపేది ఈ నిధే.

తాత్కాలిక వైకల్యానికి వారం వారం డబ్బిచ్చే ప్రమాద బీమా, కోటి రూపాయల టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఈ నెలలోనే తీసుకోండి. స్కూలు ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది కాబట్టి సొంతంగా ఒకటి ఉండాలి. ప్రీమియాల మేరకు నిధి కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదు. హోటళ్లు టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టుకుంటుంటే రిటర్న్ వేయండి, మీ ఆదాయానికి కొత్త పన్ను విధానంలో పన్ను పడదు, అది వెనక్కి వస్తుంది.

ప్రాక్టీసుకు క్లాసులయ్యాక స్కూలు హాల్లో పియానో వాడుకుంటానని ప్రిన్సిపల్ గారిని అడగండి. షోరూమ్‌లో అడ్వాన్స్ వెనక్కి అడగండి. ఇవ్వకపోయినా పోయేది 10 వేలు, లోన్ తీసుకుంటే వడ్డీకే 1.87 లక్షలు పోతాయి.