తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి వస్తాయా, చూడ్డానికి ఎప్పుడు వెళ్లాలి?

సైబీరియా అని మా శ్రీకాకుళంలో అందరూ అంటారు గానీ, టెక్కలి దగ్గర ఆ ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు కట్టేవి గూడబాతులు (పెలికాన్లు), పెయింటెడ్ స్టార్క్ అనే ఎర్రకాళ్ల కొంగలు, రెండూ మన దేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ బతికేవే. డిసెంబరు, జనవరిల్లో వెళ్లండి, గూళ్లలో పిల్లలుంటాయి. గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చేసి చేప లాక్కుంటుంటే, మొదటిసారి చూసేవాళ్లకి తల్లే దాన్ని మింగేస్తోందేమోనని టెన్షన్. బైనాక్యులర్ ఉంటే మంచిది. చెట్ల కింద అరవకండి, పెద్దవి బెదిరి లేస్తే పిల్లలు జారిపడొచ్చు (పైనుంచి రెట్టలూ పడతాయి, టోపీ మర్చిపోవద్దు). ఇచ్ఛాపురం వైపు తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలుంటాయి, ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. వాటికోసమైతే వానాకాలంలోనే వెళ్లాలి.