అమ్మలూ, ఈ మార్చిలో జిమ్‌కి వెళ్లు

అమ్మలూ,

మామయ్య ఆశీస్సులు. నిన్న రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మీ నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ బాస్కెట్‌బాల్ టీమ్ ఎన్‌సీఏఏ (ఇక్కడ కాలేజీ ఆటలు నడిపే సంస్థ) జాతీయ టోర్నమెంట్‌కి వెళ్లేలా ఉందని, దాని తొలి దశ అయిన రీజనల్ మీ ఊరు మేరీవిల్‌లోనే పెట్టొచ్చని అంటున్నారట. నీకు ఆట తెలియదు, మిడ్‌టర్మ్‌లు నెత్తి మీదున్నాయి, వెళ్లాలా వద్దా అని అడిగావు. వెళ్లు. ఎలా వెళ్లాలో, ఏం చూడాలో ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. వారెన్స్‌బర్గ్‌లో, సెంట్రల్ మిస్సోరీ యూనివర్సిటీలో ఎమ్మెస్ చదివిన రెండేళ్లలో నేను ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. జిమ్ మా అపార్ట్‌మెంట్ నుంచి నడిచి వెళ్లేంత దూరమే. క్లాసు, లైబ్రరీ, క్యాంపస్‌లో ఉద్యోగం, రాత్రికి నలుగురం కలిసి వండుకునే పప్పన్నం, అంతే మా లోకం. శనివారం సాయంత్రాలు ఆ జిమ్ హోరు మా కిటికీ దాకా వినిపించేది. అది వాళ్ల పండగ, మనది కాదు అనుకునేవాణ్ణి. చాలా ఏళ్లకు, 2014లో, అదే సెంట్రల్ మిస్సోరీ టీమ్ ఈ టోర్నమెంట్‌లోనే ఫైనల్ చేరిందని తెలిసి కాన్సాస్ సిటీ నుంచి ఏడు గంటలు కారు నడుపుకుంటూ ఇండియానాలోని ఎవాన్స్‌విల్ వెళ్లాను. వెస్ట్ లిబర్టీ మీద 84–77తో గెలిచారు. అరిచి అరిచి గొంతు పోయింది. కానీ పక్క సీట్లో ఉన్న పెద్దావిడకు ప్రతి కుర్రాడి సంగతీ తెలుసు. ఎవరి మోకాలికి ఆపరేషన్ అయిందో, ఎవరు ఫస్టియర్ అంతా బెంచీ మీదే కూర్చున్నాడో చెబుతూనే ఉంది. నేను మాత్రం తిన్నగా పెళ్లి భోజనం వేళకు వచ్చిన చుట్టంలా ఉన్నాను. నీకు అలా కాకూడదు.

ముందు టోర్నమెంట్ సంగతి. ఇది డివిజన్ టూ, అంటే డబ్బూ పేరూ ఉన్న పెద్ద యూనివర్సిటీలది కాదు, మీలాంటి ఊళ్లలోని కాలేజీలది. 64 టీములు. దేశాన్ని ఎనిమిది రీజియన్లుగా చేసి, ఒక్కో రీజియన్‌లో ఎనిమిదేసి టీములు పెడతారు. మీది సెంట్రల్ రీజియన్. కాన్ఫరెన్స్ అంటే ఏడాదంతా తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపు. మీ కాన్ఫరెన్స్ ఎంఐఏఏతో పాటు మరో రెండు కాన్ఫరెన్సుల టీములు అందులో వస్తాయి. కాన్ఫరెన్స్ టోర్నమెంట్ గెలిచిన ముగ్గురికీ నేరుగా చోటు, మిగతా ఐదుగురినీ కమిటీ ఎంపిక చేస్తుంది. మొదటి ర్యాంకు టీమ్ సొంత జిమ్‌లోనే రీజనల్ జరుగుతుంది. అబ్బాయిలది మామూలుగా శని, ఆది, మంగళవారాల్లో ఉంటుంది. మూడూ గెలిచినవాళ్లు ఎలీట్ ఎయిట్‌కి, అంటే ఎనిమిది రీజియన్ల విజేతలు తలపడే ఆఖరి దశకి వెళ్తారు. ఒక్కటి ఓడినా ఆ ఏడాదికి అంతే.

ఆ 'అంతే' ఎంత బరువైనదో 2020లో మీ టీమ్‌కి తెలిసింది. అంతకు ముందు ఏడాది 38 మ్యాచ్‌లాడి ఒక్కటీ ఓడకుండా టైటిల్ తెచ్చారు. 2020లో 32 ఆడి ఒక్కటే ఓడారు. ఇక టోర్నమెంట్ మొదలవుతుందనగా కరోనాతో మొత్తం రద్దయింది. ఓడితే కనీసం ఎవరి చేతిలో ఓడామో తెలుస్తుంది, వాళ్లకు అది కూడా దక్కలేదు. తర్వాత 2021, 2022ల్లో మళ్లీ గెలిచారు. 2017లో వచ్చింది కూడా కలిపితే నాలుగు టైటిళ్లు. మేరీవిల్ ఎంత ఊరో నీకు తెలుసు కదా, కూరల కోసం కాన్సాస్ సిటీ దాకా వస్తున్నావు. ఆ ఊరి టీమ్ ఇది.

ఇక వెళ్లేటప్పుడు. మామూలు మ్యాచ్‌కి స్టూడెంట్ ఐడీ చూపించి లోపలికి వెళ్లినట్టు ఇక్కడ కుదరకపోవచ్చు. ఇది ఎన్‌సీఏఏ నడిపే టోర్నమెంట్, టికెట్ వేరే. రీజనల్ మీకు వచ్చిందని ప్రకటించిన రోజే అథ్లెటిక్స్ వాళ్ల సైట్ చూసి కొనుక్కో. మీ జిమ్ చిన్నది, ఆలస్యం చేస్తే దొరకదు. విజిళ్లు, డప్పు, బూరలు తీసుకెళ్లకండి, ఇలాంటి టోర్నమెంట్లలో వాటిని రానివ్వరు. చప్పట్లు, గొంతు చాలు. చదువు విషయంలో మీ అమ్మ నన్ను తిట్టకుండా చూడు: శనివారం పొద్దున్నే అసైన్‌మెంట్ ముగించి వెళ్లు, ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్లకు. మ్యాచ్ చూస్తూ కోడ్ రాసే పిల్లల్ని చూశాను, వాళ్లకు రెండూ దక్కలేదు.

నీ రూమ్మేట్‌ని, ఇంకా ఇద్దరు ముగ్గుర్ని తీసుకెళ్లు. మన పిల్లలు మీ దగ్గర ఎంతోమంది ఉన్నారు, కానీ స్టాండ్స్‌లో కనబడేది తక్కువ. అందరూ ఒక మూల గుంపుగా కూర్చోకండి. స్థానికుల మధ్య కూర్చుంటే వాళ్లే అన్నీ చెబుతారు. ఎక్కడి నుంచి వచ్చావని అడుగుతారు, గుంటూరంటే తెలియదంటారు, హాఫ్‌టైమ్‌కల్లా పాప్‌కార్న్ చేతిలో పెడతారు.

ఆట గురించి భయపడకు. కబడ్డీ మీ నాన్న పక్కన కూర్చుని టీవీలో చూసి పెరిగినదానివి. రెయిడర్‌కి ముప్పై సెకన్లు ఎలాగో, ఇక్కడ బంతి చేతికొచ్చిన టీమ్‌కీ ముప్పై సెకన్లే, ఆలోపు బంతి వేసెయ్యాలి. బోర్డు పైన ఆ అంకెలు తగ్గుతూ కనిపిస్తాయి. అబ్బాయిల ఆట ఇరవై నిమిషాల చొప్పున రెండు సగాలు, అమ్మాయిలది పదేసి నిమిషాల నాలుగు భాగాలు. ఫౌళ్లు లెక్కపెట్టుకో. ఒక ఆటగాడికి ఐదైతే బయటికే. అబ్బాయిల ఆటలో ఒక సగంలో అవతలి టీమ్ ఏడో ఫౌల్ చేసిందంటే మనవాళ్లకు మామూలు ఫౌళ్లకు కూడా ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డు రాకుండా బాస్కెట్‌లోకి వేసే త్రోలు, మొదలవుతాయి. తొమ్మిదో ఫౌల్ దాకా మొదటిది పడితేనే రెండోది. ఆఖరి రెండు నిమిషాల్లో ఆ ఒక్క త్రో వేసే కుర్రాడి ముఖం చూడు. గట్టిగా ఊపిరి తీసి, బంతిని ఎప్పుడూ కొట్టినన్ని సార్లే నేలకు కొడతాడు. అప్పుడు జిమ్ మొత్తం ఎంత నిశ్శబ్దమవుతుందంటే, ఆ బంతి చప్పుడు పై వరుసకు కూడా వినిపిస్తుంది.

ఇంకో మాట. అందరూ బంతి వెంటే చూస్తారు. నువ్వు ఒక్క పది నిమిషాలు బంతి లేని వాళ్లను చూడు. ఎవరు ఎవరికి అడ్డం నిలబడి దారి చేస్తున్నారు, ఎవరు ఖాళీలోకి పరుగెత్తుతున్నారు. చిన్న కాలేజీల ఆటలో అందం అక్కడుంది. ఏడడుగుల వాళ్లు, గాల్లోకి ఎగిరి వేలాడేవాళ్లు తక్కువ కాబట్టి, పాస్‌తోనే పని జరగాలి. ట్రెవర్ హడ్జిన్స్ అని మీ పాత పాయింట్ గార్డ్ (టీమ్ ఆటను నడిపించేవాడు) వీడియోలు దొరికితే చూడు. ఆరడుగుల కుర్రాడు, తొందరన్నదే ఉండదు. తర్వాత హ్యూస్టన్ రాకెట్స్ తరఫున ఎన్‌బీఏలో కూడా ఆడాడు.

మధ్యలో లేచి రాకు, పదిహేను పాయింట్లు వెనకబడినా సరే. 2007 ఫైనల్లో వరసగా 57 మ్యాచ్‌లు గెలిచిన వినోనా స్టేట్ ఆఖరి నిమిషంలో ఏడు పాయింట్లు ముందుంది. బార్టన్ కాలేజీ కుర్రాడు ఆంథొనీ అట్కిన్సన్ ఒక్కడే ఆ నిమిషం లోపు పది పాయింట్లు కొట్టాడు, చివరిది గంట మోగుతుండగా. 77–75తో బార్టన్ గెలిచింది. పార్కింగ్‌లో రద్దీ ఉంటుందని ముందే లేచినవాళ్లు ఉండే ఉంటారు, పాపం.

చిన్న కాలేజీలంటే చిన్న చూపు ఎవరైనా చూస్తే వాళ్లకు ఈ సంగతి చెప్పు. ఎంఐఏఏ టోర్నమెంట్ చూద్దామని నిన్ను తీసుకెళ్తానన్నానే, కాన్సాస్ సిటీ మునిసిపల్ ఆడిటోరియం, అక్కడే 1937లో చిన్న కాలేజీల కోసం ఒక జాతీయ టోర్నమెంట్ మొదలైంది. ఇప్పుడు దాన్ని ఎన్‌ఏఐఏ టోర్నమెంట్ అంటారు. మొదట్లో అందులో నల్లజాతి ఆటగాళ్లను ఆడనిచ్చేవారు కాదు. 1948లో ఇండియానా స్టేట్ నుంచి క్లారెన్స్ వాకర్ వచ్చి ఆ గోడ పగలగొట్టాడు. 1957, 58, 59ల్లో వరసగా మూడుసార్లు టెన్నెసీ ఏ అండ్ ఐ, నల్లజాతి విద్యార్థుల కాలేజీ, ఆ టైటిల్ గెలిచింది. కోచ్ జాన్ మెక్‌లెండన్ బాస్కెట్‌బాల్ కనిపెట్టిన నైస్మిత్ దగ్గరే కాన్సాస్ యూనివర్సిటీలో చదువుకున్నాడు. రంగు కారణంగా అక్కడి టీమ్‌లో చోటు మాత్రం దక్కలేదు. ఆ హాల్లో కూర్చున్నప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

మ్యాచ్ అయ్యాక వెంటనే మీ టీమ్ సంబరంలో పడిపోకు. అవతలి బెంచీ వైపు ఒక్క నిమిషం చూడు. ఆఖరి ఏడాది కుర్రాడు జెర్సీ ముఖం మీదికి లాక్కుని కూర్చుంటాడు. వాళ్లలో చాలామందికి ఇక ఆట ఉండదు, వేసవి తర్వాత స్కూల్లో లెక్కలు చెబుతారు, బ్యాంకులో చేరతారు. కొడుకు నంబరు ఉన్న బ్యాడ్జి పెట్టుకుని తల్లి అక్కడే పై వరుసలో నిలబడి ఉంటుంది. వాళ్లు కోర్టు దిగేటప్పుడు చప్పట్లు కొట్టండి, గట్టిగా. మీవాళ్లు రీజనల్ గెలిస్తే నిచ్చెన తెచ్చి బాస్కెట్ వల కోస్తారు, ఒక్కొక్కరు ఎక్కి ఒక్కో పోగు కత్తిరించుకుంటారు. టవళ్లు మోసే స్టూడెంట్ మేనేజర్ కూడా ఎక్కుతాడు. అది చూశాకే రా.

ఎలీట్ ఎయిట్ దాకా వెళ్తే నాకు ఫోన్ చెయ్యి. కొన్నేళ్లుగా ఎక్కువగా ఎవాన్స్‌విల్‌లో ఫోర్డ్ సెంటర్‌లోనే పెట్టారు, ఒకసారి ఫ్రిస్కోలో, రెండుసార్లు సూ ఫాల్స్‌లో కూడా జరిగింది, కాబట్టి ఈసారి ఎక్కడో చూసుకున్నాకే హోటల్ బుక్ చెయ్యి. ఎవాన్స్‌విల్ అయితే నేనే కారు తీస్తాను. ఇండియానాలో చాలా ఊళ్లు మనకంటే గంట ముందుంటాయి, ఎవాన్స్‌విల్ మాత్రం మన టైమే, వాచీ మార్చి కంగారు పడకు. అత్తయ్య పులిహోర కలిపిస్తానంది.

మార్చి కదా అని పల్చటి స్వెట్టర్‌తో బయల్దేరకు, రాత్రి మ్యాచ్ విడిచేసరికి మేరీవిల్ గాలి ఎముకలు కొరుకుతుంది. మీ టీమ్ రంగు ఆకుపచ్చ. టీషర్టుకి డబ్బులు పెట్టక్కర్లేదు, దసరాకి అమ్మమ్మ కొన్న ఆకుపచ్చ చుడీదార్ ఉందిగా, అది వేసుకుని పైన కోటు వేసుకో. లోపలికి వెళ్లాక కోటు తీసెయ్యి, టీవీలో వెతుక్కుంటాను.

మీ మామయ్య